సదయ్య బండికి చార్జింగ్ ఎక్కడం లేదు

గోదావరిఖని,
మే 6

బండ్ల కంపెనీ వారికి సదయ్య నమస్కరించి రాయునది.

మీ ఫోన్ నంబరుకు చేస్తే ఒకావిడ ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంది. అన్నీ నొక్కాను. తిప్పి తిప్పి మళ్లీ మొదటికే తెచ్చింది. అందుకని ఉత్తరం.

మా విశ్రాంత గని కార్మికుల సంఘం కిందటేడు మీ దగ్గర ఆరు సీట్ల గోల్ఫ్ బండి తీసుకుంది. కాలనీలో నడవలేని వాళ్లను దవాఖానకు, రేషన్ షాపుకు, పార్కుకు తిప్పుతాం. డ్రైవర్‌ను నేనే. బండి మా క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో ఉంటుంది. పది రోజులుగా దానికి చార్జింగ్ ఎక్కడం లేదు. చార్జర్ మీద పచ్చ లైటు వెలుగుతుంది. గంటకోసారి వెళ్లి చూస్తాను, వెలుగుతూనే ఉంటుంది. సాయంత్రం మీటరులో మాత్రం ఒక్క గీతే.

మోకాళ్ల కసరత్తుకు వెళ్లాల్సిన అలీముద్దీన్ భాయ్ రోజూ ఫోన్ చేసి, "ఎట్లుంది సదయ్యన్నా, ఏమన్న తిన్నదా?" అని జ్వరం మనిషిని అడిగినట్టు అడుగుతున్నాడు. తొందరగా మెకానిక్‌ను పంపండి.

ఇట్లు,
సదయ్య

తా.క.: ఆ ఫోన్లో ఆవిడకు ఎన్నిసార్లు చేసినా విసుగు రాలేదు. ఆమెనే పంపినా పర్వాలేదు.

మేడ్చల్,
మే 11

గౌరవనీయులైన సదయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. చార్జర్ ప్లగ్గు గట్టిగా కూర్చుందో లేదో చూడండి. బ్యాటరీ మూతలు విప్పి లోపలి ప్లేట్లు నీళ్లలో మునిగి ఉన్నాయో లేదో చూడండి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, నల్లా నీళ్లు వద్దు. వైర్లు బిగించే చోట తెల్లటి పొడి ఉంటే తుడవండి.

మెకానిక్‌ను పంపాలంటే ఈ వివరాలు లేకుండా మా కంప్యూటర్ ఒప్పుకోదు. మీ దగ్గర హోల్స్ ఎన్ని? గ్రీన్స్‌కు రోజూ నీళ్లు పెడతారా? కేడీలు ఎందరు?

భవదీయురాలు,
సంధ్యారాణి, కస్టమర్ విభాగం

తా.క.: నేను చేరి పదిహేను రోజులే అయింది. ఆ ప్రశ్నలు నావి కావు, ఫారంలోవి.

గోదావరిఖని,
మే 15

బిడ్డా సంధ్యారాణీ, ఆశీస్సులు.

బ్యాటరీలో నీళ్లు చూడమన్నావు. నేను గనిలో ల్యాంపు రూములో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. షిఫ్టుకు ఆరు వందల టోపీ లైట్లు నా చేతుల మీదుగా చార్జింగై కిందికి దిగేవి. ఒక్కటి కూడా గనిలో ఆరిపోలేదు. అయినా నువ్వు చెప్పావని మూతలు విప్పాను. నీళ్లు నిండుగా ఉన్నాయి. పొడి లేదు. ప్లగ్గు గట్టిగానే ఉంది. ఈ వయసులో ఒక బండి నా పరువు తీస్తున్నదని తప్ప వేరే బాధ లేదు.

ఇక నీ ప్రశ్నలు. హోల్స్ గురించి అడిగిన మొదటి మనిషివి నువ్వే. నిన్న చేతికర్ర పట్టుకుని స్వయంగా లెక్కపెట్టాను. మా ఇంటి నుంచి దవాఖాన దాకా పద్నాలుగు. వాటర్ ట్యాంకు దగ్గరిది అన్నిటికంటే పెద్దది, వానాకాలం అందులో బాతులు ఈదుతాయి.

గ్రీన్స్ అంటే పెరట్లో గంగవాయిలి కూర, పాలకూర. మా సారవ్వ రెండు పూటలా నీళ్లు పెడుతుంది. అయినా ఎండకు వాడిపోతున్నాయి.

కేడీలు ఎందరని అడిగితే ముందు కోపం వచ్చింది. ఇది మర్యాదస్తుల కాలనీ. సారవ్వే సర్దిచెప్పింది: "బండిని ఎవలన్న ఎత్తుకపోతరేమోనని అడుగుతున్నరు గావచ్చు, ఉన్నది ఉన్నట్టు రాయి." సరే, ఒక్కడే. కొమురెల్లి. అదీ నలభై ఏళ్ల కింద, ఒక కోడిపుంజు విషయంలో. ఇప్పుడు భజన మండలి అధ్యక్షుడు.

ఇట్లు,
సదయ్య

తా.క.: కొమురెల్లి సంగతి కంప్యూటర్లో ఎక్కించకు. మనవరాలికి సంబంధాలు చూస్తున్నాడు.

మేడ్చల్,
మే 20

గౌరవనీయులైన సదయ్య గారికి,

మీ ఉత్తరం మా మేనేజర్ రఘుపతి గారికి చూపించాను. ఆయన గోల్ఫ్ ఆటలో మునిగి తేలే మనిషి. గోదావరిఖనిలో పద్నాలుగు హోల్స్ ఉన్నాయని, ఒకదాంట్లో బాతులు కూడా ఈదుతాయని తెలిసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆదివారం మెకానిక్‌తో పాటు తనే స్వయంగా వస్తున్నారు.

భవదీయురాలు,
సంధ్యారాణి

తా.క.: కేడీ కొమురెల్లి గారిని పొద్దున ఆరింటికే సిద్ధంగా ఉండమనండి. సార్ ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్తారు.

గోదావరిఖని,
మే 27

బిడ్డా సంధ్యారాణీ,

నేను సారవ్వను, సదయ్య భార్యను. ఈ ఉత్తరం ఆయనకు తెలియకుండా రాస్తున్నాను.

మీ సారు వచ్చాడు. అంతకు ముందు రోజే కొమురెల్లి పోలీసులు వస్తున్నారనుకుని మంచిర్యాలలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాడు. సారు కారు డిక్కీలోంచి పొడుగు సంచి దించి, "మొదటి హోల్ ఎక్కడ?" అన్నాడు. మా ఆయన సారు చేయి పట్టుకుని తీసుకుపోయి రోడ్డు మీద గుంత చూపించాడు. సారు గుంతలోకి వంగి చూశాడు. తర్వాత నవ్వుతూ కింద కూర్చుండిపోయాడు. ఇంత దూరం వచ్చాను కదా అని తెల్ల బంతి ఒకటి కొడితే, పోయి పోయి వాటర్ ట్యాంకు గుంతలో పడింది. ఇరవై ఏళ్ల ఆటలో ఒక్క దెబ్బకు గుంతలో వేయడం ఇదే మొదలట. కేడీ అంటే ఆటలో సంచి మోసేవాడని, గ్రీన్స్ అంటే గుంత చుట్టూ ఉండే గడ్డి అని చెబుతూ మా ఇంట్లో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

మీ మెకానిక్ బండంతా చూసి, ఏ లోపమూ లేదని తల గోక్కున్నాడు. సాయంత్రానికి చార్జింగ్ నిండింది. అతని చేతి చలువ అని మా ఆయన అందరికీ చెబుతున్నాడు.

అతను చేసింది ఏమీ లేదు, బిడ్డా. చార్జర్ వైరు మా వంటింటి కిటికీలోంచి వస్తుంది. స్విచ్ పొయ్యి పక్కన. ఆయన షెడ్డులోంచి రాగానే నేను ఆపేదాన్ని. మళ్లీ చూడటానికి లేస్తే చెప్పుల చప్పుడు వినపడేది, వేసేదాన్ని.

ముప్పై ఒక్క ఏళ్లు మూడు షిఫ్టుల మనిషితో బతికాను. నేను లేచేసరికి ఆయన పడుకునేవాడు. రిటైరైతే ఇంట్లో ఉంటాడనుకున్నాను, బండి వచ్చింది. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. బండి ఆగాక అరుగు మీద కూర్చుని నీకు ఉత్తరం రాస్తూ, "సారా, గీ మాట బాగుందా, తీసెయ్యాల్నా?" అని నన్ను అడిగేవాడు. నేను బెండకాయలు తరుగుతూ చెప్పేదాన్ని. మా పెళ్లయ్యాక ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

కానీ అలీముద్దీన్ భాయ్ కాలు మళ్లీ బిగుసుకుందని ఆయన భార్య మక్సూదా వచ్చి బాధపడితే సిగ్గేసింది. అందుకే ఆదివారం స్విచ్ ముట్టలేదు. నిన్న ధైర్యం చేసి, "నన్ను గూడ ఎక్కించుకో, నేనేం బరువు?" అన్నాను. ముందు సీటు తుడిచి, "గిన్ని రోజులు అడగవైతివి" అన్నాడు. దవాఖాన దాకా పోయి వచ్చాం. ఎవరికీ ఏ రోగమూ లేకుండా దవాఖానకు పోవడం బాగుంది.

ఆశీస్సులతో,
సారవ్వ

తా.క.: నాకు జవాబు రాయొద్దు, మా ఇంట్లో ఉత్తరాలు విప్పేది ఆయనే. రాస్తే ఆయన పేరుకే రాయి. నెలకొకసారి బ్యాటరీల గురించి ఏదో ఒక సందేహం అడుగు. జవాబు రాసే రెండు రోజులు మనిషి ఇంటి పట్టున ఉంటాడు.