ఎదురొచ్చిన బంతి

మార్చి 4
నన్ను రక్తం తీసే గదిలోంచి తీసేసి కౌంటర్ దగ్గర కూర్చోబెట్టారు. లైట్ డ్యూటీ అట. ఇన్నేళ్లు సూది పట్టిన చెయ్యి ఇప్పుడు టోకెన్లు ఇస్తోంది. బతికిపోయాననే అనుకుంటున్నాను. పోయిన నెల ఒక పాపకి మళ్లీ మళ్లీ పొడిచాను, నరం దొరకలేదు. ఆ పిల్ల ఏడవకుండా నా చేతినే చూస్తూ కూర్చుంది. పార్కిన్సన్స్ అని డాక్టర్ చెప్పిన రోజు కూడా నాకంత సిగ్గనిపించలేదు.

మార్చి 11
టేబుల్ టెన్నిస్ ఆడమన్నాడు డాక్టర్. ఈ జబ్బుకి మంచి వ్యాయామమట. నేనింకా సరే అననేలేదు, మా ఆయన సాయంత్రానికల్లా బ్యాట్ కొనుక్కొచ్చారు. ఆయనదంతా ఆలూ లేదు చూలూ లేదు వ్యవహారం.

మార్చి 12
టేబుల్ టెన్నిస్ హాలు నిండా నాలా వణికేవాళ్లే. గుమ్మంలో ఒక పెద్దాయనకి కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. వెనక మేం నలుగురం ఆగాం. ఎవరూ తొయ్యలేదు, అయ్యో అనలేదు. రేపు కూడా వెళ్తాను.

ఏప్రిల్ 2
స్మాష్ కొట్టాను!! టేబుల్ అంచుకి తగిలి ఎటో పోయింది బంతి. చాలా కాలానికి ఆ చెయ్యి నాదే అనిపించింది. ఇంటికొచ్చాక మాత్రం ఆస్పత్రి కోటు బొత్తాలు ఆయనే విప్పారు. ఇదేం చోద్యమని కోచ్‌కి ఫోన్ చేసి అడిగాను. ఎదురొచ్చినదాన్ని కొట్టడం వేరు, మనంతట మనం ఒక పని మొదలుపెట్టడం వేరు అన్నాడు. నిజమే. బంతి తనే వస్తుంది, బొత్తాం రాదుగా.

ఏప్రిల్ 3
ఆయన నా స్మాష్ వీడియో స్టేటస్‌లో పెట్టుకున్నారు. కింద మా పులి అని రాశారు.

ఏప్రిల్ 4
ఆడపడుచు ఆయనకి ఫోన్ చేసింది. బ్యాట్ పట్టుకుంటే రాని వణుకు గిన్నె పట్టుకుంటే ఎందుకొస్తుందో వదినకి అంది. స్పీకర్ ఆన్‌లో ఉందని ఆయన మర్చిపోయారు. నవ్వారు. చిన్నగానే, కానీ నవ్వారు. అది నేను క్షమించను.

ఏప్రిల్ 9
సూపరింటెండెంట్ పిలిచింది. ఆ స్టేటస్ ఎవరో ఆవిడకీ చూపించారట. ఇంత బాగైపోయాక కౌంటర్‌లో ఎందుకమ్మా, సోమవారం నుంచి సూది పట్టు అంది. బంతి వేరు మేడమ్, నరం వేరు అన్నాను. టాబ్లెట్ పనిచేసేటప్పుడు ఒకలా ఉంటాను, దాని పని అయిపోతే ఇంకోలా ఉంటాను అన్నాను. చెప్తుంటే నా మాటలు నాకే సాకుల్లా వినపడ్డాయి. సరే, మెడికల్ బోర్డు తేలుస్తుంది, ఫిట్ అంటే మళ్లీ ఆ గదికే అంది.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేను ఆడాను, అదే కొంప ముంచింది.

ఏప్రిల్ 10
ఆయనతో మాట్లాడటం మానేశాను. బొత్తాలు మాత్రం ఆయన చేతే విప్పించుకుంటున్నాను. ఇంత దిక్కుమాలిన అలక ఎక్కడా ఉండదు.

ఏప్రిల్ 21
రేపే బోర్డు. పొద్దున టాబ్లెట్ వేసుకోవద్దు, వణుకు బాగా కనపడుతుంది అన్నారు ఆయన. ఉన్న జబ్బుని ఉందని నమ్మించడానికి నాటకమా అని కడుపు మండిపోయింది. కానీ సూది పట్టి ఇంకొకరిని అలా పొడవడం నా వల్ల కాదు. సరే అన్నాను. పలకరించినట్టయిందని ఆయన మొహం వెలిగిపోయింది, అది చూసి ఇంకా మండింది.

ఏప్రిల్ 22, మధ్యాహ్నం
వేసుకోలేదు. బోర్డు గది గుమ్మంలోనే కాళ్లు ఆగిపోయాయి, ఆయన చెయ్యి పట్టుకుని లాగారు. లోపల బోర్డు వాళ్లు వేళ్లు ఒకదానికొకటి తట్టమన్నారు, తట్టలేకపోయాను. పేరు రాయమన్నారు, చీమలు పాకినట్టు వచ్చింది. ముగ్గురు డాక్టర్లూ తలలూపారు. పాపం అన్నట్టే ఊపారు. ఇంక వెళ్లొచ్చు అన్నారు.

హమ్మయ్య అనుకుంటూ లేస్తున్నాను. మధ్యలో కూర్చున్నాయన నన్ను పిలిచి, జేబులోంచి బంతి తీసి నా మీదికి విసిరాడు.

ఒంటి చేత్తో పట్టేశాను.

ఏప్రిల్ 24
ఫిట్ అట. సోమవారం నుంచి సూది.

ఆ చేతిని తిట్టుకుందామని కూర్చున్నాను. తిట్టలేకపోతున్నాను. ఎంత బాగా పట్టిందో!