పదిహేడో పేజీ మీద నూనె మరక

అలిగి కూర్చున్న మా కోయుకికి, ఒసాకా నుంచి మావయ్య రాస్తున్నది.

"అన్నయ్యా, పిల్ల గీసి పంపిన కామిక్‌ని నూనె మరకతో తిప్పి పంపుతావా? మావయ్యకే లెక్కలేదు, ఇక ఆదివారం కామిక్స్ సంతలో అమ్మడమెందుకని అది కుంచెలన్నీ అటకెక్కించేసింది!" అని మీ అమ్మ ఫోనులో నన్ను దులిపేసింది.

అమ్మాయ్, అరవై ఏళ్లుగా కామిక్స్ చదువుతూ చిప్స్‌ని చాప్‌స్టిక్ పుల్లలతోనే తింటున్నాను, పేజీకి జిడ్డంటకూడదని. అందులోనూ సముద్రపు నాచు చిప్స్ మహా జిడ్డువి. అయినా వాటి ముందు మిగతావన్నీ దిగదుడుపే. వీడియో గేముల్లో ఉపన్యాసాలొస్తే మీట నొక్కి దాటేస్తాను. ఇక ఏడ్చే రోబోలంటే నాకు నిద్రే. నీ కథలోనూ రోబో కనబడగానే ఆవలించాను.

పదిహేడో పేజీలో, చంద్రుడి మీద ఒంటరిగా ఉన్న ఆ ముసలి రోబోకి ఎవరో తలుపు తట్టిన చప్పుడు వినబడింది. గాలే లేనిచోట చప్పుడేమిటని అడగడం మరిచాను. పుల్లలు ఎప్పుడు కింద పెట్టానో, చేత్తో ఎప్పుడు తిన్నానో నాకే తెలియదు. అరవై ఏళ్లలో ఏ కథా నా చేత ఆ పని చేయించలేదు.

కుంచెలు కిందికి దించు. ఆదివారం నీ బల్ల ముందు మొదట నిలబడేది నేనే. రెండో భాగంలో ఆ తలుపు తెరుచుకోకపోతే మాత్రం ఈసారి అలిగేది నేను.

నీ మావయ్య