హకీం సాబుకు భుజమిచ్చాను

సుమంగళిగా వెళ్లిపోయిన సుభద్రకు,

నీకు చివరిదాకా మందిచ్చిన హకీం సాబు నిన్న పంజగుట్ట మలుపులో మోటారు లారీ ఆయన ఎక్కిన టాంగాను ఢీకొనగా మరణించారు. అమీరుపేటలో నేడు ఒక్క దుకాణమూ తెరువలేదు. నీ మరణానికి ఆయన వైద్యమే కారణమని చెప్పుకుంటూ, నాలుగేళ్లుగా ఆయన సలాములకు నేను ముఖం తిప్పుకొన్న సంగతి నీకు తెలియదు.

ఉదయం ఆయన దేహంతో జనాజా మన వీధికి రాగా అరుగు దిగాను. మోస్తున్న దర్జీ ఖాసిం నన్ను చూసి, "ఏంది పంతులుగారూ, బతికుండంగ పలుకకపోతిరి, ఇప్పుడొస్తిరా?" అన్నాడు. నేను కండువా నడుముకు బిగించాను. "సరె, జర భుజమియ్యిండ్రి" అని తానే పక్కకు జరిగాడు.

వీధి చివరిదాకా మోశాను. సుభద్రా, ఆయన తప్పు లేదని నాకు మొదటినుండీ తెలుసు. నీవు పోయిన తరువాత కోపగించుకొనడానికి నాకొకరు అవసరమయ్యారు. ఇప్పుడు ఆయనా లేరు.