హార్లన్ రాజ్యాంగ దీక్ష

మార్చి 3, సోమవారం
స్కూలు కమిటీ సభలో ఇవాళ దుమ్ము రేపేశాను! కమిటీ ఎన్నికల్లో నిలబడ్డవాణ్ని, మైకు దొరికితే వదులుతానా? "ఈ కాలం పిల్లలకి మన చరిత్ర ముక్క రాదు!" అన్నాను. చప్పట్లే చప్పట్లు.
సోషల్ టీచర్ పెల్‌టియర్ గారు లేచారు. "ఎనిమిదో తరగతికి రాజ్యాంగం పరీక్ష ఇరవై ఎనిమిదిన. పిల్లల పక్కన కూర్చుని మీరూ రాయండి, స్టట్జ్‌మన్ గారూ."
"రాస్తాను! తప్పితే ఊళ్లో ఇళ్ల ముందు పాతిన నా ప్రచారం అట్టలన్నీ నేనే పీకేస్తాను!"
మా అమ్మాయి బ్రిన్‌ది ఆ తరగతే. "మా నాన్న పాసైపోతాడు" అని స్నేహితురాళ్లందరికీ చెప్పేసింది.
రేపటి నుంచి పొద్దున్నే అరగంట చదువు. ఇది శపథం.

మార్చి 4
లేచాను! కాఫీ, పుస్తకం, పసుపు మార్కర్. ప్రభుత్వ శాఖలు మూడు: చట్టం చేసేది, అమలు చేసేది, తీర్పు చెప్పేది. మా ఇంట్లో మూడూ లొరెట్టావే. (ఈ జోకు మా ఆవిడకి చెప్పలేదు.)

మార్చి 7, శుక్రవారం
ఈస్టర్ ముందు లెంట్ ఉపవాసాల రోజులు, శుక్రవారాలు మాంసం ముట్టరు. చర్చి హాల్లో చేపల వేపుడు, ఊరంతా అక్కడే. అట్టలు పంచాను. వాటి మీద మాట నా సొంత తెలివి: "ఆనందం వెతుక్కునే హక్కు! రాజ్యాంగం మాట, హార్లన్ బాట!"
బ్రిన్ చదివి, "నాన్నా, ఇందులో ఒకటి..." అంది.
"తర్వాతమ్మా, చేప చల్లారిపోతోంది."
చదువా? ప్రచారం కూడా ప్రజాస్వామ్యమే.

మార్చి 12
మంచు. వాకిట్లో పారతో ఎత్తేసరికి నడుం పట్టేసింది. "పడుకుని చదవొచ్చుగా" అంది లొరెట్టా. పడుకున్నాను. నిద్ర లేచేసరికి పుస్తకం ముఖం మీద ఉంది.

మార్చి 20
కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటు మొదలు! ఏ జట్టుది ఏ రాష్ట్రమో గడగడా అప్పజెప్పాను. ఇది భూగోళం కాదా మరి?
"పరీక్షలో బంతి ఉండదు నాన్నా. నేను ప్రశ్నలు అడగనా?" అంది బ్రిన్.
"విరామంలో అడుగు."
విరామంలో పిజ్జా వచ్చింది. పాపం, పిల్ల ప్రశ్నల కార్డులు సోఫా మీద పెట్టేసి వెళ్లి పడుకుంది.

మార్చి 27
ఇవాళ ఒక్క పూటలో మొత్తం! శాఖలు మూడు. సెనేటర్లు వందమంది. సవరణలు... చాలా ఉన్నాయి. పుట్టి పెరిగింది ఈ దేశంలోనే, ఆమాత్రం రక్తంలో ఉండదా!

మార్చి 28
పిల్లల కుర్చీ. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. మొదటి ప్రశ్న చూసి గంతేయబోయాను: 'ఆనందం వెతుక్కునే హక్కు' ఏ పత్రంలో ఉంది? నా అట్ట మీద మాటే! "రాజ్యాంగం" అని రాసి, కింద రెండు గీతలు గీశాను.
పెల్‌టియర్ గారు అక్కడే దిద్దారు. "అది రాజ్యాంగానికి ముందు రాసిన స్వాతంత్ర్య ప్రకటనలోది, స్టట్జ్‌మన్ గారూ. రాజ్యాంగంలో ఆ మాట లేనే లేదు."
క్లాసంతా కిటికీ వైపు తిరిగింది. రోడ్డుకి అవతల వరసగా నా అట్టలు. ఒకటే నవ్వులు. బ్రిన్ మాత్రం నవ్వలేదు. నాకు అదే ఎక్కువ బాధేసింది.
పాసవడానికి డెబ్బై రావాలి. నాకు నలభై ఒకటి.
కారులో, "ఆ రోజు చేపల దగ్గర చెప్పబోయింది ఇదే నాన్నా" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 29
అట్టలన్నీ పీకేశాను. బ్రిన్ సాయం వచ్చింది. మాటంటే మాటే.

ఏప్రిల్ 1
ఇవాళే కమిటీ ఎన్నిక. గెలిచాను! ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకున్నాను. నిజమేనట!
పక్కింటి ఓర్విల్ వచ్చి భుజం చరిచాడు. "అట్టలెందుకు పీకావయ్యా? ఆ మాట చూసే మా ఇంట్లో అందరం నీకు వేశాం. రాజ్యాంగంలో మాట, ఊరికే పోతుందా!"
బ్రిన్ నా వైపే చూస్తోంది. "అది రాజ్యాంగంలోది కాదు, ఓర్విల్" అన్నాను ఎలాగో.
"పోవయ్యా! నాకా చెప్తావు? ఈ కాలం పిల్లలకి తెలీదు గానీ, మనకి తెలీదూ!"

ఏప్రిల్ 2
కుర్చీ ఎక్కేముందు చేయెత్తి ప్రమాణం చేయాలట, రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని.
"చదవకుండా ఎలా కట్టుబడతావు నాన్నా?" అంది బ్రిన్.
రేపటి నుంచి పొద్దున్నే అరగంట, మొదటి పేజీ నుంచి. బ్రిన్ పక్కన కూర్చుంటానంది. ఇది శపథం.
శనివారం బాస్కెట్‌బాల్ సెమీఫైనల్స్ ఉన్నాయి. ఆ సంగతి శనివారం చూసుకుందాం.