మెట్ల కింద ఆఫీసు

లేదు బావా, అక్క ఏడవలేదు. భయపడింది నేనే. "పసిపిల్లని పెట్టుకుని ఇంట్లో ఫోన్లేం మాట్లాడతావు? సోమవారం ఆఫీసుకి రా, లేదంటే మానెయ్" అని మొన్న అక్కతో అన్న కాల్‌సెంటర్ సూపర్‌వైజర్ సారు ఇవాళ చెప్పకుండా ఇంటికొచ్చారు. అప్పటికి అక్క మెట్ల కింద గూట్లో, చుట్టూ దుప్పట్లు కట్టుకుని పనిలో ఉంది. ఎవరో కస్టమర్ అరగంట నుంచి తిడుతున్నట్టున్నాడు. "మీ కోపం న్యాయమేనండి" అంటూనే ఉంది. ఆఖరికి "అయ్యో, మీరు సారీ చెప్పడమేంటండి" అంది.

ఈలోగా నీ కూతురు నా చేతిలో గుక్కపట్టింది. సారే ఎత్తుకుని ఊపుతూ, దుప్పటి పక్కన నిలబడి మొత్తం విన్నారు. వెళ్తూ "ఆఫీసులోనే గోలెక్కువ. మీ అక్కని ఇక్కడే చేసుకోమను" అన్నారు.

మన మీద అరిచే అక్క అంత ఓపిక ఎక్కడ దాచుకుందో నీకేమైనా తెలుసా బావా?