వెనక్కి తెచ్చిన బస్తాలు

పుణె, ఆదివారం

బాపూ, నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. ఫోన్ చేస్తే "గా తిప్పలెందుకు బిడ్డా" అని మాట తెంపేస్తావని కార్డు రాస్తున్నాను.

నేను కొలిచిన గ్రహం మన భూమంతే ఉందని నిజామాబాద్ పసుపు యార్డంతా చెప్పావు కదా, అది తప్పు. దాని నక్షత్రం సైజును అంచనాగా వేసుకున్నది నేనే. నక్షత్రం లోపల అదురుతుంటే దాని వెలుగు సన్నగా వణుకుతుంది. నువ్వు పసుపు కొమ్ము విరిచి, చప్పుడును బట్టి లోపలి తడి చెప్పినట్టే, ఆ వణుకును బట్టి నక్షత్రం ఎంత పెద్దదో చెప్పొచ్చు. ఇప్పుడు లెక్కగడితే అది నేననుకున్నదానికి రెండింతలుంది. నక్షత్రం వెలుగులో ఎన్నో వంతును అడ్డుకుందో చూసే గ్రహం సైజు కట్టాను, అందుకని గ్రహమూ రెండింతలే. రేపు ఇక్కడ శాస్త్రవేత్తల సభలో నా తప్పు నేనే చెబుతాను. మా సార్ వద్దన్నా ఆగను.

నిరుడు సేటు విరిచిన కొమ్ము ఖంగుమనలేదని, "ఎండినంక తెస్త" అని బస్తాలన్నీ వెనక్కి తెచ్చావు. ఈసారి పసుపు ఎండిందా? మబ్బు పడితే కల్లంలో టార్పాలిన్ కప్పుతున్నారా? అవ్వ మోకాలికి మందు రాస్తోందా?

అవ్వకూ నీకూ దండాలు. యార్డులో ఎవరన్నా అడిగితే, "నా బిడ్డ గూడ బస్తాలు ఎనక్కి తెచ్చుకున్నది, ఎండినంక తెస్తది" అని చెప్పు.

నీ స్నేహలత