ప్రాణం పోయేవేళ తెరిచిన తలుపు

గుమ్మలవలస గూడెం, అనంతగిరి కొండలు
1924

మహారాజశ్రీ ఏజెన్సీ దొరగారి సముఖమునకు

అయ్యా,

విషయం: వారంటు లేని పోలీసువారు మా ఇంట ప్రవేశించకుండా హుకుం దయచేయించుట గురించి.

పోడు రైతు సోమన్న చేసుకొను మనవి. నాకు చదువు రాదు గనుక సంతలో ఉప్పు దుకాణం ఆదినారాయణగారిచేత రాయిస్తున్నాను.

1. మనిషి ప్రాణం పోయేవేళ వాకిటి తలుపు బార్లా తీసి ఉంచడం మా గూడెం ఆచారం. మూస్తే ప్రాణానికి దారి దొరకక ఇంట్లోనే చిక్కుకుపోతుంది.

2. నిరుడు మా అయ్య భీముడు ఆ స్థితిలో ఉండగా, పితూరీలో తిరగబడ్డవారి తుపాకుల కోసమని పోలీసులు తెరిచిన తలుపు గుండా వచ్చారు. వారంటు చూపలేదు. అయ్యను చాపతో సహా పెరట్లోకి ఈడ్చి ఇంటి నేలంతా తవ్వారు. తుపాకీ దొరకలేదు. అయ్య పందుల దొడ్డి పక్కన చనిపోయాడు.

3. అందుపై ఫిర్యాదు చేయగా మేజిస్ట్రేటుగారి తీర్పు ఏమనగా: మూసి ఉన్న ఇంట్లోకి వారంటు లేక చొరబడుట తప్పు, తెరిచి ఉన్న ఇంట్లోకి పోవుట చొరబాటు కాదు. ఎందుకు తెరిచామో చెప్పబోతే అది సాక్ష్యం కాదన్నారు. అప్పటినుంచి మా గూడెం వారు పట్టపగలు కూడా తలుపులు బిగించుకుని పొగలో వండుకుంటున్నారు.

4. ఇప్పుడు మా అమ్మ సోములమ్మకు అంత్యకాలం వచ్చింది. "తలుపు తియ్యిరా సోమన్నా, నానెలిపోతాను" అని బతిమాలుతోంది. తీస్తే పోలీసులు వస్తారు. తీయకపోతే అమ్మ పోజాలదు. అమ్మ తలుపు తీయకుండా నా భార్యను అక్కడ కాపలా పెట్టి వచ్చాను. కన్నకొడుకు చేయవలసిన పనేనా ఇది? సిగ్గుతో చచ్చిపోతున్నాను దొరగారూ.

కావున అమ్మ పోయేదాకా తెరిచి ఉన్న మా తలుపును మూసి ఉన్నట్టే లెక్కించవలసిందని పోలీసువారికి వెంటనే తాకీదు పంపించగలరు. ఈ మనవి చిత్తగించి మా అమ్మకు దారి ఇప్పించవలెను.

తమ విధేయుడు,
సోమన్న (వేలిముద్ర)

మరొక మనవి: టపా బయలుదేరకముందే మళ్ళీ వచ్చి ఇది రాయిస్తున్నాను. నేను ఇంటికి పోయేసరికి అమ్మ చనిపోయి ఉంది. పోలీసులు గూడెంలో తిరుగుతున్నారని నా భార్య తలుపు తీయలేదు. అమ్మ పాక్కుంటూ గడప దాకా వచ్చి, "తియ్యే గుంటా, బేగి తియ్యే" అందట. నా భార్య తలుపుకి వీపు ఆనించి ఏడుస్తూ కూర్చుందట. పోలీసులు మా ఇంటివైపు రానేలేదు. ఇక తాకీదు అక్కరలేదు. తలుపు పీకేశాను. పోలీసువారిని వచ్చి ఇల్లంతా సోదా చేసుకోమనండి. అమ్మ కనిపిస్తే బయటికి పంపించమనండి.